టికెట్ తనిఖీ

ముప్పై ఒక్క ఏళ్లు వూచ్ నగరపు ట్రాముల్లో
టికెట్లు తనిఖీ చేశాను.
మొహం చూస్తే చాలు, తెలిసిపోయేది.
కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూసేవాడు,
అడగకముందే జేబులు తడుముకునేవాడు.
రిటైరయ్యాక ఆ కళ్లతోనే వచ్చాను
రైలు కట్ట పక్కన ఈ అద్దె మడిలోకి.

జూన్ మొదటి వారం.
చిక్కుడు మొక్కల కొసలన్నీ మసి పూసినట్టు పేనుబంక.
వాటి మధ్య తిరుగుతూ దొరికాడు దొంగ:
నల్లటి ఒళ్లు, వీపున నారింజ మచ్చలు, ముళ్లు,
మొసలిని గోరంతకి కుదించినట్టు.
మొహమే చెబుతోందిగా!
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి.
ఇంకొకటి.
సాయంత్రానికి నలభై రెండు.
లెక్క రాసుకునే అలవాటు ఇంకా పోలేదు.

వారం తిరిగేసరికి మొక్కలు ఒంగిపోయాయి.
ఆకుల నిండా జిగురు.
కాండం మీద పైకీ కిందికీ చీమల బారు,
పాలు పితికే వేళ దాటిపోతుందన్నంత తొందరగా.

కంచె అవతల బొగుమీవా.
నూలు మిల్లులో దారాల ముడులు వెతికిన కళ్లు,
మెడలో బూటు లేసుకి కట్టిన భూతద్దం.
నా వేళ్ల మీది నారింజ మరకలు చూసి
"ఏం చంపావు, జేనొన్?" అంది.
చెప్పాను. నలభై రెండని, కాస్త గర్వంగానే.
ఆమె తిట్టలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.
"అవి అక్షింతల పురుగు పిల్లలయ్యా.
ఎర్ర చొక్కా తొడుక్కునేదాకా అలాగే ఉంటాయి."

మర్నాడు అగ్గిపెట్టెలో ఏడింటిని తెచ్చి
నా చిక్కుడు మీద వదిలింది.
"అప్పు," అంది.

భూతద్దం నా చేతికిచ్చి ఆకులు తిప్పింది.
నేను బూజనుకుని తుడిచేసినవి
వెంట్రుక కొసన నిలబెట్టిన గుడ్లట,
అల్లిక రెక్కల పురుగువి.
కందిరీగ చారలతో గాల్లో ఆగి ఉన్నది
ముల్లే లేని ఈగట.
దొంగ వేషం వేసుకున్న నిజాయితీపరుడు!
నా ఉద్యోగంలో అలాంటివాడు ఒక్కడూ తగల్లేదు.
లేక తగిలాడా?

ఇంకో ఆకు మీద గోధుమరంగుకి తిరిగి ఉబ్బిన పేను.
వీపున గుండ్రని కన్నం,
ఎవరో మూత తీసుకుని బయటికి వెళ్లినట్టు.
"వెళ్లింది కందిరీగ. ఆవగింజలో సగం ఉండదు.
దీని కడుపులోనే పెరిగింది, దీన్నే తిని."
ఇది మంచా చెడా, అడిగాను.
"చిక్కుడుని అడుగు."

బంగాళాదుంపల దగ్గర మాత్రం ఆమె ఇంకో మనిషి.
పసుపు వీపు మీద ఇస్త్రీ చేసినట్టు పది నల్ల చారలు,
ఎంత మర్యాదస్తుడు!
నేనైతే టోపీ తీసి దారి ఇచ్చేవాణ్ణి.
ఆమె పట్టుకుని సబ్బునీళ్లలో పడేసింది.
చిన్నప్పుడు బడి ఆపేసి, చేతికో సీసా ఇచ్చి
వీటిని ఏరడానికే పొలాలకి పంపేవారట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎప్పటిదో జనవరి, పదకొండో నంబరు ట్రాము,
చిరిగిన గ్లవ్స్ మనిషి ఒకడు.
"ఉంది, ఎక్కడో ఉంది" అంటూనే వెతుక్కుంటున్నాడు.
మంచులో దించేశాను.
పక్క సీట్లో పేపరు చదువుతున్న నీటుగాడిని
అడగనైనా లేదు.
ఆ టికెట్ ఉందో లేదో
ఇప్పుడు ఏ భూతద్దమూ చెప్పదు.

ఇవాళ రాస్ప్‌బెర్రీ మీద కొత్తది:
ఆకుపచ్చగా, డాలు మోసుకుని తిరిగే సిపాయిలా.
రసం పీల్చేదో, పీల్చేవాటిని పీల్చేదో తెలియదు.
బొగుమీవా చెల్లెలింటికి వెళ్లింది.
బకెట్ బోర్లించి కూర్చున్నాను,
చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని.
అది ఆకు అంచుదాకా నడిచింది, ఆగింది,
మూతి ఎక్కడో ఆనించింది.
నాకు కనిపించని వైపు.

"ఆదివారం దాకా ఉండు," అన్నాను దానితో.
"ఆమె వస్తుంది."